పడనిది

ముంజేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టమంది పరీక్ష చేసే అమ్మాయి. నీలం పెన్నుతో మణికట్టు నుంచి మోచేతి దాకా వరసగా అంకెలు వేసి, ఒక్కో అంకె పక్కన ఒక్కో చుక్క మందు వేసింది. తర్వాత ప్రతి చుక్క మీదా చిన్న సూదిమొనతో పొడిచీ పొడవనట్టు పొడుస్తూ, పెళ్లింట్లో కొత్త కోడలికి చుట్టాలని చూపించినట్టు "ఇది ఇంటి దుమ్మండి, ఇది బూజండి, ఇది బొద్దింకండి, ఇది కొబ్బరి పుప్పొడండి, ఇది కుక్కండి" అని అందరినీ పరిచయం చేసింది. పిల్లి దగ్గరకి వచ్చేసరికి నేను చెయ్యి వెనక్కి లాక్కోబోయాను. "అది వద్దులేమ్మా. పిల్లి నాకు పడదు. చిన్నప్పటి నుంచీ తెలిసిందే. ఉత్తినే చెయ్యి వాచిపోతుంది" అన్నాను. "ఆయ్, తెలిసినవైనా వెయ్యాలండి. లేపోతే మా డాక్టరమ్మగారు ఊరుకోరు" అని నా చెయ్యి మెల్లగా తన వైపు లాక్కుని పిల్లిని కూడా పొడిచింది.

మా అమలాపురంలో ఒంటికి ఏది పడదో తేల్చే ఇలాంటి పరీక్ష చేస్తారని నాకు ఈమధ్యే తెలిసింది. బడిలో తెలుగు చెప్పినన్నాళ్లూ ఒక చేతిలో సుద్దముక్క, ఒక చేతిలో రుమాలు పట్టుకునే చెప్పాను. తెల్లారి లేస్తే తుమ్ములు, అవి తగ్గితే ముక్కు దిబ్బడ, అది వదిలితే కళ్ల దురద. ఉద్యోగం రిటైరైంది గాని ముక్కు రిటైరవలేదు. రోజుకో మాత్ర మింగి మత్తుగా తిరగడం విసుగెత్తి ఈ కొత్త డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, పరీక్షకి ముందు ఆ మాత్రలు కూడా కొన్నాళ్లు ఆపేయమంది. ఆపితేనే చర్మం నిజం చెబుతుందట. ఆ కొన్నాళ్లూ నేను పడిన అవస్థ మా ఇంట్లో వాళ్లని అడగాలి.

కాసేపు కూర్చున్నాక చెయ్యి చూసుకుంటే దుమ్ము దగ్గర పెద్ద దద్దురు లేచింది, చుట్టూ ఎర్రగా. బూజు దగ్గర ఇంకోటి. బొద్దింక దగ్గర కాస్త చిన్నది. కొబ్బరి దగ్గర ఏమీ లేదు. కుక్క దగ్గర లేదు. పిల్లి దగ్గరా లేదు. తేడా తెలియడానికని ఒకచోట ఉత్త ఉప్పునీటి చుక్క వేస్తారు, అక్కడ చర్మం ఎలా ఉందో పిల్లి వేసిన చోటా అలాగే ఉంది. డాక్టరమ్మ చిన్న స్కేలు పెట్టి దద్దుర్లు కొలిచి, "మీకు ఇంటి దుమ్ములో ఉండే పురుగూ, బూజూ గట్టిగా పడవండి. పిల్లి శుభ్రంగా పడుతుంది. కావాలంటే పెంచుకోండి" అని నవ్వింది. నేను నవ్వలేదు. "చిన్నప్పుడు పడకపోయి, ఇప్పుడు పడుతూ ఉండొచ్చా అమ్మా?" అని అడిగాను. "ఉండకూడదని లేదండి. కొందరికి వయసుతో పోతాయి. చర్మం ఒక్కటే చూసి తేల్చెయ్యం, మీకేం జరిగేదో కూడా చూస్తాం. చిన్నప్పుడు పిల్లి దగ్గరికెళ్తే తుమ్ములొచ్చేవా?" అంది. పిల్లి నాకు పడదని అందరూ అనడం జ్ఞాపకం ఉంది. పిల్లి దగ్గర తుమ్మడం మాత్రం ఎంత వెతికినా జ్ఞాపకం రాలేదు.

మన భాషలో ఈ పడకపోవడం చాలా పెద్ద సంసారం. వంకాయ పడదు, చల్లగాలి పడదు, పక్క వీధి నీళ్లు పడవు, తోడికోడళ్లకి పడదు. ఒంటికి సరిపడనిదానికీ మనసుకి సరిపడనిదానికీ మనవాళ్లు రెండు మాటలు పెట్టుకోలేదు, ఒక్కదానితోనే కాలక్షేపం చేశారు. ఆటోలో ఇంటికొస్తూ చెయ్యి గోక్కుంటూ ఆ మాటనే తిప్పి తిప్పి అనుకున్నాను. చిన్నప్పటి మా ఇంట్లో ఎవరికి ఏం పడలేదు అన్న ప్రశ్న అప్పుడే మొదటిసారి నా బుర్రలోకి వచ్చింది.

మా ఇల్లు అంబాజీపేటకి దగ్గర్లో. నాన్నగారిది కురిడీ వ్యాపారం. కురిడీ అంటే కాయని పీచుతో సహా అటక మీద పోసి, నెలల తరబడి అలాగే వదిలేస్తే, లోపలి నీళ్లన్నీ ఇంకి కొబ్బరి చిప్పని వదిలి గుండ్రంగా ఎండుతుంది, అదీ. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గలగలమంటుంది. మా నడిమింటికి పైకప్పు అంటే అటకే. దాని మీద ఏడాది పొడుగునా కాయలుండేవి. కింద మేం తినేవాళ్లం, పడుకునేవాళ్లం, పైన అవి ఎండేవి. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నాకు తెలుసు. ఎండిన పీచు, పొగ, కాస్త ముక్కిన నూనె, వానాకాలంలో వీటన్నిటి మీదా తడి బూజు. అటక పలకల సందుల్లోంచి ఎప్పుడూ సన్నటి గోధుమరంగు పొడి రాలుతూ ఉండేది. అన్నం వడ్డించాక కంచం మీద చెయ్యి అడ్డం పెట్టుకోవడం మా ఇంటి అలవాటు. బంధువులు వస్తే మా వంక వింతగా చూసేవాళ్లు.

ఆ అటకకి అధికారి మంగత్త. మా నాన్నగారి అక్క. పెళ్లయిన కొత్తలోనే భర్త పోతే, గోదారి పాయ వైనతేయకి అవతల పాశర్లపూడి వైపు ఉన్న అత్తవారింట్లో ఇమడలేక తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. అమ్మ కాపరానికి వచ్చేనాటికే ఆవిడ ఆ ఇంట్లో పాతుకుపోయి ఉంది. నిచ్చెన ఎక్కి కాయని ఊపి, గలగల విని, "ఇది దించొచ్చురా తమ్ముడూ, దీన్ని ఇంకా ఉంచు" అని చెప్పేది. ఏ కూర వండాలో చెప్పేది. ఎవరింటికి ఏం పంపాలో చెప్పేది. గట్టిగా అరిచి చెప్పేది కాదు, అదే అమ్మకి ఇంకా మంట. మంగత్త ఒళ్లో ఎప్పుడూ ఒక పిల్లి ఉండేది. అటక మీద ఎలకలు పడి కాయలు కొరికేస్తుంటే దాన్ని తెచ్చి పెంచింది. అక్కడే కాయల మధ్య పుట్టిన పిల్లని దగ్గరుంచుకుంది. గుండ్రంగా, గోధుమరంగుగా ఉంటుందని దానికి కురిడీ అని పేరు పెట్టింది. నేను పుట్టాక ఆ ఒళ్లో కురిడీకీ నాకూ వాటాలు పడ్డాయి. వసారాలో తుంగచాప మీద అత్తకి ఒక పక్క నేను, ఒక పక్క అది. అమ్మ లోపల పడుకునేది.

నా తుమ్ములతో వచ్చిన చిక్కు జబ్బు కాదు, శకునం. నాన్నగారు తెల్లవారుతూనే కాయల బేరానికి బయల్దేరేవారు. సరిగ్గా ఆయన చెప్పులు వేసుకునే వేళకి నేను నిద్రలేచి నడిమింట్లోకి వచ్చి ఒక తుమ్ము తుమ్మేదాన్ని. ఒంటి తుమ్ము మీద గుమ్మం దిగకూడదు. రెండు తుమ్మితే ఫర్వాలేదు. ఒకటే అయితే చెప్పులు విప్పి, వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ బయల్దేరాలి. ఈలోగా బేరం ఇంకెవరో ఎగరేసుకుపోతారు. నాన్నగారు మొహం మాడ్చుకునేవారు. అప్పుడు మంగత్త నన్ను ఎత్తుకుని, "ఇంకోటి తుమ్మవే మా తల్లి కదూ. మీ నాన్న వెళ్లాలి, ఇంకొక్కటి" అని బతిమాలేది. నేను ఎంత ప్రయత్నించినా వచ్చేది కాదు. కురిడీని పట్టుకుని దాని తోక నా ముక్కు కింద అటూ ఇటూ రాసేది. నేను కితకితలతో నవ్వేదాన్ని, అంతే. "ఈ తోక ఎందుకూ పనికిరాదే" అని దాన్ని వదిలేసి, కొంగు చివర నూలుపోగు లాగి, మెలిపెట్టి, నా ముక్కులో పెడితే అప్పుడొచ్చేది రెండోది. "ఆయ్, వచ్చేసిందిరా, బయల్దేరు" అనేది. నాన్నగారు నవ్వుకుంటూ వెళ్లేవారు. వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఇదంతా చూస్తూ ఉండేది. ఆవిడ నవ్విందో లేదో నాకు తెలియదు, అటు చూడాలని అప్పుడు తోచలేదు.

ఒక వానాకాలం నాకు ఉబ్బసం లాగా వచ్చింది. అమ్మ నన్ను బస్సెక్కించి అమలాపురంలో ఒక ముసలి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లింది. ఆ గదిలో స్పిరిట్ వాసనా, ఎత్తు స్టూలూ, ఆయన నా చేతిలో పెట్టిన పిప్పరమెంటు బిళ్లా తప్ప నాకేం గుర్తులేదు. పిప్పరమెంటు చప్పరిస్తున్న పిల్లకి పెద్దవాళ్ల మాటలతో పనేముంటుంది. ఇంటికి వచ్చాక మాత్రం జరిగింది గుర్తుంది. నాన్నగారు వసారాలో కూర్చుని ఉన్నారు. మంగత్త గుమ్మం పక్కన గోడకి ఆనుకుని, ఒళ్లో పిల్లిని పెట్టుకుని చిక్కుడుకాయలు వలుస్తోంది. "ఏవన్నారు డాక్టరుగారు?" అని నాన్నగారు అడిగారు. "పాపకి పడనిది ఇంట్లో ఉందంటండీ. దాన్ని ఇంట్లోంచి పంపేస్తే గాని నయం కాదన్నారు" అంది అమ్మ. "దేన్ని?" అన్నారు నాన్నగారు. అమ్మ నోటితో చెప్పలేదు. గడ్డం ఎత్తి అటు చూపించింది.

నాన్నగారు అటు చూసి, "పిల్లినా?" అన్నారు. అమ్మ తల ఊపింది. మంగత్త చిక్కుడుకాయ వలవడం ఆపి అమ్మ వైపు చూసింది. చాలాసేపే చూసింది. "పిల్లి పోతే పాపకి నయమవుద్దా సుభద్రా?" అని అడిగింది. "డాక్టరుగారు అన్నారండి వదినగారూ, నేను కాదు" అంది అమ్మ. "మరేనమ్మా. పిల్లి ఒంటరిగా ఎక్కడికెళ్తది, నేనూ వెళ్తాను" అంది మంగత్త. నాన్నగారు విసుక్కున్నారు. పిల్లి కోసం ఇల్లు వదులుతావా అక్కా, దాన్ని గోనెలో కట్టి ఏరు దాటించేస్తే సరిపోదా అన్నారు. మా వైపు పిల్లిని వదిలించుకోవడానికి అదే పద్ధతి, మధ్యలో గోదారి పాయ ఉంటే దారి కనుక్కుని తిరిగి రాలేదని. మంగత్త మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది. అర్థం కావలసినవాళ్లకి అర్థమైంది, అర్థం కాకూడని నాన్నగారికి కాలేదు. ఆయనకి ఏనాడూ ఇంట్లో జరిగేవి అర్థం కావు, కాయలో గలగల కూడా అక్కే విని చెప్పాలి.

ఆవిడ బయల్దేరిన పొద్దున నాకు బాగా జ్ఞాపకం. బోడసకుర్రు రేవు దాకా బండి, అక్కడ పంటు ఎక్కి వైనతేయ దాటి, ఒకప్పుడు వదిలొచ్చిన అత్తవారింటికే వెళ్లడం. అటక మీది గోనెసంచి దులిపి, కురిడీని అందులోకి దింపి మూతి కట్టారు. ఆ దులపడంలో లేచిన పొడికి నేను తుమ్మాను. ఒక్కటే. బండివాడితో సహా అందరూ ఆగిపోయారు. మంగత్త గుమ్మం దిగబోయేది కాస్తా కాలు వెనక్కి తీసుకుని, అరుగు మీద కూర్చుని, మంచినీళ్లడిగింది. నాకు ఎంత సంతోషమేసిందో. నాన్నగారి ప్రయాణాలన్నీ ఆపిన తుమ్ము అది, ఇదీ ఆపుతుందనుకున్నాను. రెండోది రాకుండా ముక్కు గట్టిగా పట్టుకున్నాను కూడా. కాని అమ్మ మంచినీళ్ల చెంబు అందిస్తూ, "ఇది శకునం తుమ్ము కాదు వదినగారూ, జబ్బు తుమ్ము. పిల్లిని దగ్గరకి తెస్తే తుమ్మకేం చేస్తుంది. దీనికి ఆగక్కర్లేదు. పంటు వెళ్లిపోతుందండి" అంది. అన్నేళ్లూ శకునంగా చెల్లిన నా తుమ్ము ఆ ఒక్కరోజు చెల్లలేదు. మంగత్త నన్ను ఎత్తుకోబోయి, పిల్లి వెంట్రుకలంటిన తన చీర వంక చూసుకుని, చేతులు దించేసి, దూరం నుంచే మెటికలు విరిచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత నన్ను నడిమింట్లో పడుకోబెట్టారు, అటక కిందే. అమ్మ పుట్టింటి నుంచి బూరుగుదూది తెప్పించి నాకోసం మెత్తటి పరుపూ తలగడా కుట్టించింది. పక్కన తను పడుకునేది. తుమ్ములు తగ్గలేదు, ఎక్కువయ్యాయి. అయినా ఎవరొచ్చి అడిగినా "పిల్లి పోయాక చాలా నయమండి. కదమ్మా?" అనేది నా వైపు చూసి. నేను ముక్కు ఎగబీలుస్తూ ఔనని తల ఊపేదాన్ని. అమ్మ నయమంది కాబట్టి నయమే అయ్యుంటుందని నిజంగా నమ్మాను. మొన్న దుమ్ము దగ్గర లేచిన దద్దురు చూపిస్తూ డాక్టరమ్మ, "పాత దూది పరుపులు, తలగడాలు, సామాన్లు నింపిన అటకలు, ఇవే మీకు శత్రువులు" అంది. చాపని లాగేసి పరుపు ఇచ్చారు నాకు. ఆ పరుపుని ముద్దుగా పెంచుకున్నాను కూడా, పెళ్లయ్యాక వెంట తెచ్చుకున్నాను.

మంగత్త నాకు దూరమైంది రేవు దాటినందుకు కాదు. మా పెళ్లిళ్లకీ పేరంటాలకీ వచ్చేది. వచ్చినా దగ్గరకి వచ్చేది కాదు. నా పెళ్లిలో అక్షింతలు పందిరి చివర నిలబడి విసిరింది. నేను రమ్మని చెయ్యి ఊపితే, "కొత్త చీరేనే, అయినా ఎందుకులే. ఎక్కడో ఒక వెంట్రుక ఉంటది. పీటల మీద తుమ్ముతావు" అంది. నా పిల్లల్ని కూడా ఎత్తుకోలేదు, వాళ్లకీ నా ఒంటితత్వమే వచ్చుంటుందేమోనని. ఆవిడ పోయినప్పుడు నేను వెళ్లాను. "ఆ ఇంటి నిండా పిల్లులు. లోపలికి వెళ్లకు, నీకు ఊపిరాడదు" అని అమ్మ మరీ మరీ చెప్పి పంపింది. వీధిలో వేసిన కుర్చీలో కూర్చుని వచ్చేశాను. ఆవిడని బయటికి తెచ్చాకే చూశాను.

పరీక్ష అయిన రోజు ఇంటికి వచ్చేసరికి అమ్మ కిటికీ పక్కన కూర్చుని ఒత్తులు చేసుకుంటోంది. నా దగ్గరే ఉంటుంది. కళ్లు మసకేశాయి గాని మాట, జ్ఞాపకం చెక్కుచెదరలేదు. ముంజెయ్యి ముందు పెట్టి, "ఇదిగో, ఇది దుమ్ము, ఇది బూజు. పిల్లి నాకు పడుతుందంట" అన్నాను. "ఏ పిల్లి?" అంది. "కురిడీ" అన్నాను. ఒత్తి చేస్తున్న వేళ్లు ఆగాయి. "ఇప్పుడా గోలెందుకే" అంది. "ఆరోజు డాక్టరుగారు పిల్లి అని చెప్పేరా అమ్మా?" అని అడిగాను. ఆవిడ అబద్ధం ఆడుతుందనుకున్నాను. ఆడితే బాగుండుననీ అనుకున్నాను. "పిల్లి మాటే రాలేదు. ఇంట్లో పడనిదేవైనా ఉందా అమ్మా అని అడిగేరు. ఉందండీ అన్నాను. అయితే దాన్ని ఇంట్లో ఉంచకండి అన్నారు. అదే వచ్చి చెప్పేను" అంది.

ఉద్యోగమంతా నేను పిల్లలకి ఈ పాఠమే చెప్పాను. మగవాడైతే వాడు, అతడు. తక్కినదంతా అది. రాయీ అదే, పిల్లీ అదే, గౌరవం తీసేస్తే ఆడమనిషీ అదే. దీనికి మహత్తు, అమహత్తు అని పేర్లు పెట్టి, ఉదాహరణలు రాయించి, మార్కులు వేశాను. ఆ 'అది'లోంచి మా ఇంట్లో ఒక మనిషిని బయటికి పంపేశారని నాకు తెలియదు. డాక్టరుగారు దుమ్మునో ధూళినో అడిగారు. అమ్మ ఆడపడుచుని చెప్పింది. ఆయన వస్తువుని తీసేయమన్నారు. అమ్మ మనిషిని తీసేసింది. ఆ డాక్టరుగారి గదిలో ఎవరూ అబద్ధం ఆడలేదు, అదీ నాకు భరించరాని సంగతి.

"ఎవరికి పడలేదమ్మా, నాకా, నీకా?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. అమ్మ చేతిలో ఒత్తి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా, "నా పిల్ల నా పక్కలో పడుకునేది కాదే. ఆకలేస్తే ఆవిడ దగ్గరికి, దెబ్బ తగిలితే ఆవిడ దగ్గరికి. తుమ్మొస్తే కూడా ఆవిడే. ఆ ఇంట్లో నాకు పొయ్యి తప్ప ఏవుంది? నువ్వైనా నాకు దక్కాలనుకున్నాను" అంది. "దక్కేను కదా" అన్నాను. "ఆయ్, దక్కేవు" అంది, మళ్లీ ఒత్తి తిప్పుకుంటూ. ఆ 'ఆయ్'లో పశ్చాత్తాపం ఏదైనా ఉందేమోనని చెవి పెట్టి విన్నాను. నాకేమీ వినిపించలేదు.

ఆవిడ బాధ నాకు అర్థం కాకపోలేదు. నేనూ కోడలినే, నాకూ ఆడపడుచులున్నారు. కాని నాకు కోపం వచ్చింది, ఇంకా ఉంది, ఇది రాస్తున్నప్పుడూ ఉంది. ఆవిడకి పడకపోతే ఆవిడ పోట్లాడుకోవలసింది. నా ముక్కు ఎందుకు అడ్డం పెట్టుకోవాలి? నన్ను మోసం చేశారు. మంగత్తని చేసిన మోసం ఇంకా పెద్దది, ఆవిడ తను వెళ్లిపోతే నాకు నయమవుతుందని నమ్మింది. అమ్మ తనని గెంటేస్తోందని తెలిసే వెళ్లింది, అయినా పిల్లి సంగతి మాత్రం నిజమనే అనుకుంది. లేకపోతే కొత్త చీర కట్టుకుని పందిరి చివర ఎందుకు నిలబడుతుంది? ఇంతలోనూ నా మనసు అమ్మకి ఒక సందు వెతికింది. డాక్టరమ్మ కొందరికి వయసుతో పోతాయంది. చర్మం ఒక్కటే చూసి తేల్చెయ్యం అంది. అమ్మ చెప్పిన కారణం తప్పే అయినా పిల్లి కూడా నిజంగా పడకపోయి ఉండొచ్చు. ఆ ఒక్కటీ నిజమైతే అమ్మ చేసింది సగమైనా మాఫీ అవుతుంది.

మాత్రలు మళ్లీ మొదలుపెట్టకుండానే ఆటో మాట్లాడుకుని పాశర్లపూడి వైపు బయల్దేరాను. ఇప్పుడు పంటు లేదు, వంతెన మీద ఇటు నుంచి అటు రెప్పపాటులో వెళ్లిపోవచ్చు. మంగత్త మరిదిగారి కోడలు నాగమణి ఆ ఇంట్లో ఉంటోంది. నన్ను చూసి కంగారుపడి, వీధిలోకి కుర్చీ తేబోయింది. "లోపలికి వస్తానమ్మా" అన్నాను. "ఆయ్, రండి. కానండీ లోపల పిల్లులున్నాయండి. మీకు పడదంట కదా" అంది. ఫర్వాలేదని గుమ్మం దాటాను. అవి నిజంగా ఉన్నాయి, గోధుమరంగువి, గూట్లో ఒకటి, పీట మీద ఒకటి. "అన్నీ ఆవిడ పిల్లి సంతతేనండి" అంది నాగమణి. తర్వాత పక్కనున్న చిన్న గది తలుపు చూపించి, "పెద్దత్తగారు ఉన్నన్నాళ్లూ ఈ గదిలోకి మాత్రం పిల్లిని రానిచ్చేవోరు కాదండి. రోజూ తుడిచి తలుపు గడేసేవోరు. ఉతికిన చాపా దుప్పటీ అందులోనే ఉంచేవోరు. ఎందుకండీ అంటే, మా పాప ఎప్పుడైనా వస్తే పడుకోవాలి కదా అనేవోరండి" అంది.

నేను ఆ గదిలోకి వెళ్లలేదు. నడవలో చాప మీద కూర్చుని, ఒక పిల్లిని ఒళ్లో పెట్టమని అడిగాను. నాగమణి వద్దండీ వద్దండీ అంటూనే పీట మీదిదాన్ని తెచ్చి ఇచ్చింది. అది కాసేపు నా చీర వాసన చూసి, ఒకసారి గుండ్రంగా తిరిగి, ముడుచుకుని పడుకుంది. వంగి దాని మెడ మీద ముక్కు ఆనించాను. గట్టిగా పీల్చాను. పాలవాసన, ఎండవాసన. మళ్లీ పీల్చాను. దాని తోక పట్టుకుని ముక్కు కింద అటూ ఇటూ రాసుకున్నాను. నాగమణి భయం భయంగా చూస్తోంది. మంగత్త రెండో తుమ్ము కోసం నన్ను బతిమాలేది. నేను ఒక్కదాని కోసం కూర్చున్నాను. ఒక్కటి వస్తే అమ్మని క్షమించి ఇంటికి వెళ్దామని, పొద్దు వాలేదాకా, ఆ పిల్లి నిద్రలేచి వెళ్లిపోయేదాకా కూర్చున్నాను. రాలేదు.